గోదావరి నీటి బాకీలు

పాలకొల్లు లాకుల దగ్గర, సైకిల్ స్టాండుని ఆనుకుని
రేకుల షెడ్డు నాది.
పాత పుస్తకాలు కొంటాను, అమ్ముతాను.

ఈ జూన్‌లో ఏడో ముద్రణ చచ్చిపోయింది.
ఎనిమిదోది పార్శిల్ లారీలో బెజవాడ నుంచి దిగింది.
నా దగ్గర కాస్ట్ అకౌంటింగ్ నలభై మూడు కాపీలు.
నిన్నటిదాకా పుస్తకాలు,
ఇవాళ పకోడీ పొట్లాలు.

గెడ్డం సువార్త, బీకాం రెండో ఏడు.
వాళ్లమ్మ ఐసు నీళ్లలో చేతులు పెట్టి
రొయ్యల తలలు తీస్తుంది, కిలోకి ఇంతని.
"కొత్తది ఎంతండీ?"
మూడొందల తొంభై ఐదు.
గోటితో స్టిక్కరు మూల గీకింది.
కింద రెండొందల ఎనభై.
"ఇదేంటండీ, ధర కూడా మారుముద్రణేనా?"

స్టూలు లాక్కుని రెండు ముద్రణలూ ఒళ్లో పరుచుకుంది.
నరసాపురం పాసింజరు వెళ్లింది.
తిరిగొచ్చింది.
ఆ పిల్ల తల ఎత్తలేదు.

నీలం అట్ట ఆకుపచ్చయింది.
రామయ్య ఫ్యాక్టరీ రంగయ్య ఫ్యాక్టరీ అయింది,
కూలీ, బొగ్గు, నష్టం అవే.
నాలుగో లెక్క తొమ్మిదో చోట కూర్చుంది.
మొదట్లో ఆరు పేజీలు కొత్తవి,
ఆ ఆరూ కంపెనీ వేరే పుస్తకాల ప్రకటనలు.
నూట పన్నెండులో 'లాబం' అని అచ్చుతప్పు,
నూట పద్దెనిమిదికి క్షేమంగా చేరింది.

"రొయ్య రేటు పొద్దున్నే ఫోన్లోకి వస్తుందండి,
ముప్పై కౌంటుకింత, వంద కౌంటుకింత.
ధాన్యానికి తేమ చూసి తరుగు ఎంతో
అన్యాయమైనా మొహం మీదే చెప్తారు.
దీని తరుగు ఎవరు చెప్తారండి?"

ఆ పుస్తకం నేర్పిన పద్ధతిలోనే
ఆ పుస్తకానికే ఖర్చుల పట్టీ గీసింది.
కాగితం. సిరా. కుట్టు. లారీ.
రాసినాయన వాటా. మాస్టార్లకి ఉచిత ప్రతులు.
చివర 'ఇతరాలు', ఖాళీ గడి.
శనివారం ఏజెంటు వస్తే ముందు పెట్టింది.
"ఇది కొంచెం నింపుతారాండీ?"
ఆయన సోడా తాగి మూతి తుడుచుకున్నాడు.
"అది లోపలి లెక్కమ్మా."
"లోపలి లెక్క బయటికి తియ్యడమేగా అండీ
ఇందులో పాఠం?"

నేను పగలబడి నవ్వాను.
అదే పొరపాటు.
పాత కాపీ వెనకట్ట తిప్పి
పెన్సిలు గీత మీద వేలు పెట్టింది నా వైపు.
టి, పక్కన చుక్క.
"మరి ఇదేంటండీ?"

మా నాన్న నేర్పిన కొట్టు భాష.
'గోదావరి నీటి బాకీలు'
తొమ్మిదక్షరాలకి తొమ్మిదంకెలు,
సున్నాకి చుక్క.
నలభై ఏళ్లుగా ఏ బేరగాడికీ చెప్పలేదు.
చెప్పాను.

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.
"అరవైకి కొన్నారు. నాకు నూటయాభై అన్నారు."
అన్నాను.
కాలవలో గుర్రపుడెక్క దేన్నో మోసుకుంటూ జరిగింది,
దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"షెడ్డు అద్దె?" రెండు వేలు.
"వానకి పాడైపోయేవి?" ఏడాదికి ఓ పాతిక.
అవీ రాసుకుంది, గడి వదలకుండా.
"మీకూ బతుకుండాలి కదండీ. నూటపది."
ఇచ్చి, పుస్తకం సైకిలుకి కట్టుకుంది.

వెళ్తూ నా షట్టరుకి కాగితం అంటించింది.
'ఏడో ముద్రణ ఉన్నవాళ్లు
పేజీ నంబరుకి ఆరు కలుపుకోండి.
లెక్కల వరస మారింది, పట్టీ కింద ఉంది.'
సోమవారం వాళ్ల మాస్టారు వచ్చి చదివారు.
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.
ఏమీ అనలేదు. చింపనూ లేదు.

నలభై మూడులో ఇంకా ముప్పై ఒకటున్నాయి.
ఇప్పుడు వెనకట్ట మీద అంకెలే రాస్తున్నాను,
కొన్నదెంతో, అమ్మేదెంతో.
పెన్సిలే పాడు అలవాటుది,
ప్రతి ఒకటి దగ్గరా
'గో' అనబోయి ఆగుతుంది.